అటక మీద దొరికిన వాక్‌మన్‌ని మళ్లీ పాడించి, పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం ఎలా?

"ఇల్లు సర్దుతుంటే పాత వాక్‌మన్ దొరికింది, కొత్త సెల్స్ వేసినా ఉలుకూ పలుకూ లేదు, బాగవుతుందా పారేయాలా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. వెంటనే రెండో ప్రశ్న కూడా వస్తుంది: "నాన్నమ్మ మాట్లాడిన క్యాసెట్ ఒకటి ఉంది, దాన్ని ఫోన్లోకి తెచ్చుకోవచ్చా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను. చాలా వాక్‌మన్లు బాగవుతాయి. సగం కేసుల్లో పోయేది ఒక రబ్బరు బెల్టు, లేదంటే సెల్స్ పెట్టే చోట పట్టిన చిలుము.

కానీ స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక సంగతి. నాన్నమ్మ క్యాసెట్‌ని అన్నిటికంటే చివర పెట్టాలి. దాదాపు అందరూ దీనికి ఉల్టా చేస్తారు. మోటారు తిరిగిందో లేదో, ఆత్రం ఆపుకోలేక అదే క్యాసెట్ పెట్టి ప్లే నొక్కుతారు. ఇరవయ్యేళ్లు కదలని మిషన్ రీలుని లాగేసి నలిపేస్తే ఆ నలిగిన ముక్కలోని మాటలు ఇక దొరకవు. సినిమా పాటల క్యాసెట్ పాడైతే పాట ఇంకెక్కడైనా దొరుకుతుంది, ఇది అలా కాదు.

ముందు క్యాసెట్లు వేరు చేయండి

ఉన్న క్యాసెట్లన్నీ బయటపెట్టి మూడు కుప్పలు చేయండి.

మొదటిది కంపెనీ క్యాసెట్లు, అంటే సినిమా పాటలు, భక్తి పాటలు. వీటిని ఎక్కించుకోవడానికి తంటాలు పడొద్దు, చాలావరకు ఆన్‌లైన్లో ఇంతకంటే మంచి క్వాలిటీతో ఉన్నాయి. ఇందులోంచి పోయినా పర్లేదు అనుకునేవి రెండు పక్కన పెట్టండి, మిషన్‌ని టెస్టు చేయడానికి కావాలి.

రెండోది రికార్డింగ్ షాపులో చీటీ మీద పాటల లిస్టు రాసిచ్చి చేయించుకున్నవి. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి కానీ ఆ వరస దొరకదు. లోపలి అట్ట మీద షాపువాడి చేతిరాతతో ఉన్న లిస్టుని ఫోటో తీసి, అదే వరసలో ఫోన్లో ప్లేలిస్టు చేసుకుంటే చాలు. నాకైతే అది చాలదు అంటారా, మీ ఇష్టం, నేనూ అలాంటివాడినే.

మూడోది ఇంట్లో రికార్డు చేసినవి. పెళ్లిలో ముత్తైదువలు పాడిన పాటలు, పిల్లల ముద్దుమాటలు, ఊళ్లో హరికథో బుర్రకథో జరిగినప్పుడు మైకు దగ్గర టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నవి. గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఇంకో రకం ఉంటుంది. ట్రంకాల్ ఖరీదు తట్టుకోలేక, ఉత్తరం రాయడం రాక, అటూ ఇటూ మాటలు రికార్డు చేసి ఊరికి వచ్చేవాళ్ల చేత పంపుకున్న క్యాసెట్లు. ఈ శ్రమంతా ఈ మూడో కుప్ప కోసమే.

ఈ కుప్పలో ప్రతి క్యాసెట్‌కీ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని ఇప్పుడే విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా దాని మీద ఏమీ ఎక్కదు.

ఏమేం కావాలి

- చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్ల సెట్టు. మొనకి అయస్కాంతం లేనిది అయితే మంచిది, ఉన్నదైతే హెడ్డుకీ (రీలు మీది శబ్దాన్ని చదివే లోహపు ముక్క) రీలుకీ తగలనివ్వకండి.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. మందుల షాపులో ఇచ్చే సర్జికల్ స్పిరిట్‌లో నీళ్లూ వేరే కలిపినవీ ఉంటాయి, తప్పనిసరైతేనే.
- ఇయర్ బడ్స్, పంటిపుల్లలు, సన్నని ఎమరీ పేపరు.
- కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్ రెండు.
- కొత్త బెల్టు. కొలత తీసుకున్నాకే కొనండి.
- రెండు వైపులా 3.5 ఎంఎం పిన్ను ఉన్న ఆక్స్ కేబుల్.
- స్టీరియో లైన్-ఇన్ (వేరే మిషన్ శబ్దాన్ని కంప్యూటర్లోకి తీసుకునే సాకెట్) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. చవకగా దొరికే వాటిలో చాలావాటికి మైకు సాకెట్ మాత్రమే ఉంటుంది, అది మోనో, అంటే ఎడమ కుడి విడివిడిగా రావు. కొనేముందు "లైన్ ఇన్" అని ఉందో లేదో చూడండి.
- కంప్యూటర్లో ఆడాసిటీ, అంటే శబ్దం రికార్డు చేసి సరిదిద్దే సాఫ్ట్‌వేర్. ఉచితమే.

చేసే పద్ధతి

1. సెల్స్ గది చూడండి. పాత సెల్స్ లోపలే ఉండిపోయి కారి ఉంటాయి. తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది ఆల్కలైన్ సెల్: వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ఇయర్ బడ్ తడిపి, పిండేసి, స్ప్రింగుకి రుద్దండి, కాస్త బుసబుస పొంగుతుంది. మామూలు జింక్ సెల్ జిగురుగా కారి ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో అదే పని చేయండి. రెండింటికీ ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగు మీద పచ్చటి చిలుము మిగిలితే ఎమరీ పేపరుతో మెరుపు కనిపించేదాకా గీకండి. చేతులకి గ్లవ్స్ వేసుకోండి, ఆ పొడి కంట్లో పడితే మంట పుడుతుంది.

అడాప్టర్ పెట్టి చూద్దాం అనుకోకండి. చాలా వాక్‌మన్లకి కావాల్సింది 3 వోల్టులు, పైగా పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఒక్కసారి తప్పు పెడితే బోర్డు పోతుంది. సెల్స్‌తోనే పని కానివ్వండి.

2. క్యాసెట్ పెట్టకుండా ప్లే నొక్కండి. తలుపు తెరిచి ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని వినండి.

ఏ చప్పుడూ లేకపోతే కరెంటు అందట్లేదు. మళ్లీ మొదటి మెట్టుకే వెళ్లి స్ప్రింగులు చూడండి. అవి శుభ్రంగా ఉండి కూడా తిరగకపోతే, ప్లే బటన్ కింద రెండు సన్నని రేకులు తాకే స్విచ్ ఒకటి ఉంటుంది, దానికి చిలుము పట్టి ఉంటుంది. ఆల్కహాల్‌లో తడిపిన కాగితం ముక్కని ఆ రేకుల మధ్య పెట్టి మెల్లగా లాగండి.

మోటారు సన్నగా మూలుగుతూ చక్రాలు మాత్రం తిరగకపోతే బెల్టు పోయింది. చాలామందికి ఎదురయ్యేది ఇదే.

అన్నీ తిరుగుతుంటే అదృష్టం, నాలుగో మెట్టుకి వెళ్లండి. మెత్తగా నొక్కే ఎలక్ట్రానిక్ బటన్లు ఉన్న ఖరీదైన మోడళ్లలో కొన్ని క్యాసెట్ లేకపోతే అసలు తిరగవు. వాటికి పనికిరాని క్యాసెట్ పెట్టి చూడండి.

3. బెల్టు మార్చండి. ఓ తెల్లకాగితం మీద వాక్‌మన్ వెనకవైపు బొమ్మ గీసుకుని, తీసిన ప్రతి స్క్రూనీ బొమ్మలో దాని చోటే సెల్లోటేపుతో అంటించండి. ఇది చాదస్తం కాదు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది లోపల బోర్డుని గుచ్చేస్తుంది. మూత ఒక్కసారిగా ఎత్తకండి, రెండు భాగాల మధ్య వెంట్రుకంత తీగలు ఉంటాయి. తెరవగానే ఫోటో తీయండి, బెల్టు ఏ చక్రం మీదుగా ఎలా మెలిక తిరిగి వెళ్లిందో కనిపించాలి.

పాత బెల్టు ముట్టుకుంటే తారులా సాగుతూ వేళ్లకి అంటుకుంటే కంగారుపడకండి, రబ్బరు పాతబడితే అంతే. పంటిపుల్లతో గీకి, ఆల్కహాల్ బడ్‌తో చక్రాల గాడుల్లోంచి పూర్తిగా తీసేయాలి, ఏ కాస్త మిగిలినా కొత్త బెల్టు ఎగిరెగిరి పడుతుంది. ఆ నలుపు బట్టలకి అంటితే పోదు.

కొలత ఇలా: బెల్టు వెళ్లే దారంతా కుట్టుదారం చుట్టి, దాని పొడవు కొలిచి, అందులో సుమారు 5 శాతం తగ్గించండి. 200 ఎంఎం వస్తే 190 చుట్టుకొలత ఉన్న బెల్టు కావాలి. బెల్టు చదునుదా, చదరపుదా, ఎంత మందం అన్నది పాత ముక్క చూసి చెప్పాలి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ తిరిగితే దొరకొచ్చు, లేదంటే రకరకాల సైజులు కలిపి ఆన్‌లైన్లో ప్యాకెట్‌గా అమ్ముతారు. మోడల్ నంబర్ చెప్పి కంపెనీ బెల్టు కావాలంటే మాత్రం కష్టం. 1979 జులై 1న జపాన్‌లో మొదటి వాక్‌మన్ అమ్మిన సోనీయే 2010లో అక్కడ క్యాసెట్ వాక్‌మన్లు ఆపేసింది, ఇక వాటి స్పేర్లు ఎవరు చేస్తారు?

నోట్ల కట్టకి వేసే రబ్బరు బ్యాండు మాత్రం పెట్టొద్దు. తిరుగుతుంది, ఆ మాట నిజమే. కానీ పాట ఏడుస్తున్నట్టు సాగుతుంది, పైగా నెల తిరక్కుండా తెగుతుంది. బెల్టు మరీ బిగుతుగా ఉన్నా తప్పే, మోటారు మీద భారం పడి స్పీడు తగ్గుతుంది.

4. హెడ్డు, కడ్డీ, రబ్బరు చక్రం తుడవండి. తలుపు తెరిస్తే మధ్యలో మెరిసే లోహపు ముక్క హెడ్డు. దాని పక్కన సన్నటి ఉక్కు కడ్డీ, ఆ కడ్డీకి వచ్చి నొక్కుకునే నల్ల రబ్బరు చక్రం. హెడ్డునీ కడ్డీనీ ఆల్కహాల్ బడ్‌తో తుడవండి, బడ్‌కి గోధుమ రంగు అంటడం ఆగేదాకా బడ్స్ మారుస్తూ పోండి. రబ్బరు చక్రానికి ఆల్కహాల్ ఎక్కువ వాడితే ఎండి పగుళ్లిస్తుంది, సబ్బునీళ్లలో తడిపి పిండిన బడ్ చాలు, తర్వాత పొడి బడ్.

నూనె జోలికి పోవద్దు. కొబ్బరినూనె పోసి తెచ్చిన మిషన్లు కూడా చూశాను. అది గడ్డకట్టి దుమ్ము పట్టి, బెల్టు మీదికి పాకి జారిపోయేలా చేస్తుంది. కీచుమంటే మాత్రం ఫ్లైవీల్ (కడ్డీతో పాటు తిరిగే బరువైన చక్రం) ఇరుసు దగ్గర కుట్టుమిషన్ ఆయిల్ సూది మొనతో ఒక చుక్క, అంతే.

వాల్యూమ్ తిప్పినప్పుడు కరకరలాడితే ఆ చక్రాన్ని సెల్స్ తీసేసి అటూ ఇటూ ముప్పై నలభై సార్లు తిప్పండి. చాలాసార్లు దాంతోనే పోతుంది. పోకపోతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే.

5. పనికిరాని క్యాసెట్‌తో టెస్టు. పక్కన పెట్టిన రెండిట్లో ఒకటి పెట్టి ఓ వైపు మొత్తం ఆడనివ్వండి. రెండు నిమిషాలు విని "ఆహా" అనుకుని ఆపేయకండి. చూడాల్సింది రీలు చుట్టుకునే వైపు చక్రం. అది ఆగి ఆగి తిరుగుతుంటే కడ్డీ రీలుని వదులుతూనే ఉంటుంది, చుట్టుకునేది ఉండదు, ఆ వదులైన రీలు వెళ్లి రబ్బరు చక్రానికి చుట్టుకుంటుంది. క్యాసెట్ మింగేసింది అంటాం చూశారా, అది ఇదే. అయ్యాక క్యాసెట్ తీసి రీలు అంచులు వెలుతుర్లో చూడండి. అంచు ముడతలు పడితే రబ్బరు చక్రం వంకరగా నొక్కుతోంది, అది మార్చేదాకా మూడో కుప్పలోది ఏదీ పెట్టొద్దు.

ఎంత చేసినా ఈ టెస్టు దాటకపోతే ఆ వాక్‌మన్‌ని గూట్లో అందంగా పెట్టుకుని, పని చేసే టేప్ డెక్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. నిజానికి ఎక్కించే పనికి ఇంట్లో వాడే పెద్ద డెక్కే మేలు, స్పీడు నిలకడగా ఉంటుంది. ఫియో సీపీ13 లాంటి ఈ కాలపు క్యాసెట్ ప్లేయర్లు కూడా ఉన్నాయి. యూఎస్‌బీ తోక తగిలించి చవగ్గా అమ్మే ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం వద్దు, వాటి స్పీడు వాటి ఇష్టం.

6. స్పీడు చూడండి. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. దాన్ని కొలిచే టెస్టు టేపు మీ దగ్గర ఉండదు కాబట్టి చిట్కా: కంపెనీ క్యాసెట్లోని పాట ఒకటి స్టాప్‌వాచ్ పెట్టి మొదటి దరువు నుంచి చివరి దరువు దాకా కొలవండి, అదే పాట ఫోన్లో పెట్టి అదే కొలత తీయండి. 4 నిమిషాల పాటకి రెండు మూడు సెకన్ల తేడా అంటే 1 శాతం, వదిలేయండి. 7 సెకన్లు దాటితే 3 శాతం, గొంతు మారినట్టు చెవికి తెలుస్తుంది. ఆ క్యాసెట్టే తేడాగా తయారై ఉండొచ్చు కాబట్టి ఇంకో కంపెనీ క్యాసెట్‌తో కూడా చూడండి.

సరిచేయాలంటే చాలా మోడళ్లలో మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది, లేదా బోర్డు మీద చిన్న తిప్పుడు స్క్రూ. ముందు అది ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టుకుని అప్పుడు తిప్పండి, అదీ ఆవగింజంత.

7. ఇప్పుడు మూడో కుప్ప. క్యాసెట్ కిటికీలోంచి రీలు చుట్ట మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు. మన వానాకాలాలకి మామూలే, కానీ అలాగే ఆడిస్తే హెడ్డుకీ తర్వాతి క్యాసెట్లకీ అంటుకుంటుంది. దాన్ని కవర్లో వేసి పక్కన పెట్టి, బూజు తీయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

క్యాసెట్ నోటి దగ్గర మధ్యలో చిన్న స్పాంజీనో ఫెల్టో అతికించిన రేకు ఉంటుంది. అది ఊడిపోతే పాట లోతులోంచి వచ్చినట్టు మందంగా వినిపిస్తుంది. పాడైపోయిన వేరే క్యాసెట్ విప్పి దాని రేకు తెచ్చి పెట్టొచ్చు. ఐదు స్క్రూలు ఉన్నవైతే విప్పడం తేలికే, అతికించేసిన రకం అయితే అంచున బ్లేడు పెట్టి ఓపికగా విడదీయాలి.

తర్వాత నటరాజ్ పెన్సిలో, పలకలున్న బాల్ పెన్నో రంధ్రంలో దూర్చి రీలు వదులుగా ఉన్నదంతా చేత్తో బిగించండి. చేతికి తేలిగ్గా తిరుగుతోందంటే, ఒకసారి ఆ చివరి దాకా, మళ్లీ మొదటికి చుట్టండి. ఏళ్ల తరబడి కదలని పొరలు విడిపోతాయి. 60 నిమిషాల క్యాసెట్ రీలు మందం సుమారు 18 మైక్రాన్లు, 90దైతే 12, 120 నిమిషాలదైతే 9 మాత్రమే. 120 అని రాసున్నవి వాక్‌మన్లో ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకండి.

తెగిన రీలుని మామూలు సెల్లోటేపుతోనో గోళ్ల రంగుతోనో అతికించే అలవాటు మనకి ఉంది. సెల్లోటేపు జిగురు పక్క పొరలకి పాకుతుంది, గోళ్ల రంగు గట్టిపడి హెడ్డుని గీరుతుంది. స్ప్లైసింగ్ టేపు అని విడిగా అమ్ముతారు, హెడ్డుకి తగలని లోపలివైపు, అంచులు దాటకుండా అతికించాలి.

8. హెడ్డు కోణం. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటే, దాన్ని రికార్డు చేసిన టేప్ రికార్డర్ హెడ్డు కోణం వేరు అన్నమాట. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూని ఆడుతుండగానే పావు మలుపు లోపు అటూ ఇటూ తిప్పుతూ, మాటల్లో "స", "శ" ఎక్కడ స్పష్టంగా వినిపిస్తాయో అక్కడ ఆపండి. పని అయ్యాక కంపెనీ క్యాసెట్ పెట్టి మళ్లీ మామూలుగా తెచ్చుకోండి. తర్వాత కంప్యూటర్లో ట్రెబుల్ పెంచితే వచ్చేది ఇది కాదు, అక్కడ పెరిగేది హిస్సు (టేపు వెనక వినిపించే బుస్సుమనే శబ్దం) మాత్రమే.

9. ఎక్కించడం. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి సౌండ్ కార్డు లైన్-ఇన్‌కి కేబుల్ పెట్టండి. మెగా బాస్, డాల్బీ లాంటి శబ్దాన్ని మార్చే స్విచ్చులన్నీ ఆఫ్, టేపు రకం "నార్మల్". వాక్‌మన్ వాల్యూమ్ సగంలో పెట్టి, ఆడాసిటీలో గట్టిగా మాట్లాడిన చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేలా లెవెల్ సరిచేయండి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, సున్నాకి కొట్టుకుని చిట్లిన శబ్దం మాత్రం బాగుకాదు. 44100 హెర్ట్జ్, స్టీరియో. బయ్‌మని హమ్మింగ్ వస్తే లాప్‌టాప్ చార్జర్ పీకేయండి, చాలావరకు దాని పనే.

ఒక వైపు మొత్తం ఒకే ఫైలుగా, ఖాళీలతో సహా, ఆపకుండా ఎక్కించండి. ఖాళీ అనుకున్న చోట చివర్లో ఎవరో ఒక మాట అని ఉంటారు.

సౌండ్ కార్డు లేదు, ఫోనే ఉంది అంటే? మాటల క్యాసెట్‌కి మోనో చాలు కాబట్టి ఫోన్ మైకు సాకెట్‌కి తగిన కేబుల్‌తో సరిపెట్టుకోవచ్చు. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం మాత్రం వద్దు, ఫ్యాన్ చప్పుడూ కుక్కర్ విజిలూ అందులోకే వస్తాయి.

10. సరిచూసుకోండి. ఫైలు పొడవు క్యాసెట్ వైపు పొడవుకి దగ్గరగా ఉందా? 60 నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు 30 నిమిషాల పైచిలుకు రావాలి. ఎడమ, కుడి రెండు గీతలూ కదులుతున్నాయా? ఒకటే కదిలితే కేబుల్ సరిగా కూర్చోలేదు, లేదా హెడ్డు సగం మురికిగా ఉంది. మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో నిమిషం హెడ్‌ఫోన్ పెట్టి వినండి.

గొంతులు సన్నగా, గబగబా మాట్లాడినట్టు వినిపిస్తే మీ వాక్‌మన్ తప్పు కాకపోవచ్చు. రికార్డు చేసిన రోజున ఆ టేప్ రికార్డర్ సెల్స్ అయిపోవస్తుంటే రీలు నెమ్మదిగా నడిచి ఉంటుంది, ఇప్పుడు సరైన స్పీడులో ఆడితే వేగంగా వినిపిస్తుంది. ఆడాసిటీలో స్పీడు మార్చే ఎఫెక్టుతో తగ్గించండి. సెల్స్ దిగిపోతూ ఉంటాయి కాబట్టి క్యాసెట్ చివరికొచ్చేసరికి తేడా ఎక్కువవుతుంది, ముక్కలుగా చేయాలి.

హిస్సు తీసే ఎఫెక్టు ఎంత తక్కువ వాడితే అంత మంచిది. ఎక్కువ చేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. ఏం చేసినా కాపీ మీదే, కుదించకుండా దాచుకున్న ఒరిజినల్ వేవ్ (WAV) ఫైలుని ముట్టుకోవద్దు. వేవ్ నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది, 60 నిమిషాల క్యాసెట్‌కి 630 దాకా. వాట్సాప్‌లో పంపడానికి విడిగా ఎంపీ3 చేసుకోండి. ఫైలుకి "ట్రాక్ 1" అని కాకుండా ఎవరి గొంతు, ఏ ఊరు, సుమారు ఏ సంవత్సరం అని పేరు పెట్టండి. ఎవరి గొంతో తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించి అప్పుడే రాసేయండి. ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుల దగ్గర ఉండాలి.

ఎక్కించేశాం కదా అని క్యాసెట్లు పారేయకండి. ఒక వైపు చివరి దాకా చుట్టి, డబ్బాలో నిలబెట్టి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. స్పీకర్ల పక్కన వద్దు, వాటి వెనక పెద్ద అయస్కాంతం ఉంటుంది. వాక్‌మన్‌లోంచి సెల్స్ తీసేసి, ప్లే బటన్ నొక్కి ఉంటే పైకి లేపి దాచండి, లేదంటే రబ్బరు చక్రం కడ్డీకి నొక్కుకుని సొట్ట పడుతుంది. మూడు నాలుగు నెలలకోసారి పది నిమిషాలు ఏదో ఒక పాటల క్యాసెట్ ఆడిస్తూ ఉంటే కొత్త బెల్టు ఒకే ఆకారంలో బిగుసుకుపోకుండా ఉంటుంది.